గేటు రంగు

నాలుగింటికి వస్తానన్నాను, నాలుగూ పది దాటింది, ఇంకా ఈ కుట్టుమిషను చప్పుడు దగ్గరే ఉన్నాను. చప్పుడు మీ ఎడమ చెవికి వినపడేలా నడవండి అంది ఆవిడ ఫోన్లో, నడుస్తుంటే రెండు చెవులకీ వినపడుతోంది, ఎందుకంటే ఈ సందులో టైలర్లు ఇద్దరున్నారు, ఎదురెదురుగా కూర్చుని పంతం పట్టినట్టు కుడుతున్నారు. ఏ మిషను చప్పుడు ఆవిడ చెప్పిన చప్పుడో, ఒకటి ఆగకుండా టకటకమంటోంది, ఇంకోటి మధ్యమధ్య ఆగి ఆయాసపడుతోంది, అడుగుదామంటే సిగ్గు. ఇరవై ఆరేళ్ళు ఈ ఊళ్ళో అంబులెన్సు తోలిన మనిషిని. డిపోలో నన్ను పేరుతో పిలిచినవాళ్ళు లేరు, దిక్సూచి అనేవాళ్ళు. ఆ దిక్సూచి ఇప్పుడు రెండు కుట్టుమిషన్ల మధ్య నిలబడి చెప్పుల అట్టపెట్టెని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంటున్నాడు. వెతుకుతున్నది ఏమంత బ్రహ్మరహస్యమని, ఒక ఇల్లు, ఆ ఇంట్లో వెబ్‌సైట్లు చేసే ఒక ఆవిడ. ఈ ఊరి మనిషే కావాలని పట్టుబట్టింది నేనే. ఊరి మనిషి దొరికింది, ఆ మనిషి ఇల్లు దొరకడం లేదు. ఇళ్ళు దొరకడానికి పటం చేయిస్తున్నాను, పటం చేసే ఆవిడ ఇల్లు దొరకాలంటే ఆ పటం కావాలి. ఇంటికెళ్ళి చెబితే మా ఆవిడ వారం రోజులు నవ్వుతుంది, అందుకని చెప్పను.

పటమంటే గోడకి తగిలించేది కాదు, జనమే గీసుకునేది. ఎవరింటి గుమ్మం ఎక్కడుందో వాళ్ళే సైట్లో గుర్తు పెట్టాలి, బండి ఏ వైపు నుంచి రావాలి, స్ట్రెచర్ ఎన్ని మెట్లెక్కాలి, మలుపులో తిరుగుతుందా, కుక్కని కడతారా, అన్నీ వాళ్ళే రాయాలి, అంబులెన్సు తోలేవాడు చూసుకుని తిన్నగా గుమ్మంలోకి పోవాలి. ఇంత తేలిక మాట చెప్పడానికి నాకు రెండేళ్ళు పట్టింది. మా బావమరిది ఎక్కడో మహానగరంలో ఉన్న ఒకతన్ని కుదిర్చాడు, అతని మొహం నేను చూసింది ఫోన్లోనే, అదీ సగం, నుదురు ఎప్పుడూ తెరలోకి రాలేదు. రైలు కట్టకి అవతల ఇళ్ళున్నాయి బాబూ అంటే, మ్యాపులో ఖాళీ కనిపిస్తోందండీ అనేవాడు. ఖాళీ కాదు నాయనా, నూట అరవై కొంపలు అంటే నవ్వేవాడు. సగం చేశాడు, వేరే ఉద్యోగం వచ్చింది, పోయాడు. పోతూ పోతూ మొదటి పేజీలో ‘త్వరలో’ అని రాసి పోయాడు. పదకొండు నెలలుగా అది త్వరలోనే ఉంది. అప్పుడే అనుకున్నాను, ఈ పని చేసే మనిషి ఈ సందుల్లో నడిచే మనిషై ఉండాలి అని, లైబ్రరీ నోటీసు బోర్డు మీద కాగితం అంటించాను. అంబులెన్సులు దారి తప్పకుండా జనం కలిసి చేస్తున్న పటం సగంలో ఆగింది, పూర్తిచేయడానికి ఈ ఊళ్ళోనే ఉండే వెబ్ డెవలపర్ కావాలి. ఆరు వారాలున్న ఆ కాగితానికి వచ్చింది ఒక్క జవాబు.

ఆ ఒక్క జవాబూ నా ఒళ్ళు మండేలా ఉంది. చేస్తాను, ఒకటే షరతు, ఫారంలో గేటు రంగు అనే గడి తీసెయ్యాలి, అని రాసింది ఆవిడ. మెట్లు కాదు, కుక్క కాదు, పోయి పోయి గేటు రంగు. ఆ ఫారంలో నా సొంత తెలివితో పెట్టిన గడి ఏదైనా ఉందంటే అదొక్కటే, దాని పక్కన ఎర్ర చుక్క పెట్టించాను, అది నింపకపోతే ఫారం ముందుకి పోకూడదని ఆ నుదురులేని మనిషితో నాలుగుసార్లు చెప్పి మరీ చేయించాను, అతను సరిగ్గా పూర్తిచేసిన పని కూడా అదొక్కటే. బండి తోలేవాడికి నంబర్లు కనపడవమ్మా, పధ్నాలుగు పక్కన తొమ్మిది ఉంటుంది ఈ ఊళ్ళో, కనపడేది రంగే. ఈ మాట చెప్పి ఒప్పిద్దామనే బయల్దేరాను, సాక్ష్యానికి చెప్పుల పెట్టె కూడా తెచ్చాను. సైట్లో ఏదీ నిలబడడం లేదు కాబట్టి ఇంటింటికీ తిరిగి కాగితాల మీద రాయించినవి, రెండొందల పన్నెండు, ఇందులో ఉన్నాయి. గేటు రంగు దగ్గర ఒకావిడ మా ఆయన్నడగండి అని రాసింది, ఒకాయన తుప్పు అని రాశాడు. ఇంకొక ముసలాయన కలం పైకెత్తి, పాత రంగు రాయాలా బాబూ, కొత్త రంగు రాయాలా అన్నాడు. ఏదైతేనేం తాతా, గేటుకున్న రంగు రాయండి అన్నాను. మా మనవళ్ళు ఇంకా పాత రంగే చెబుతారు అని గొణిగాడు, నేను వినిపించుకోలేదు, ఇంకా పదహారు ఇళ్ళున్నాయి ఆ పూట.

ఫోను మోగింది. ఎక్కడున్నారండీ? మిషను దగ్గర. ఏ మిషను? ఇద్దరున్నారమ్మా ఇక్కడ. రెండోది ఎప్పుడు పెట్టారో నాకు తెలీదండి, నేను అటు వచ్చి చాన్నాళ్ళయింది, సరే, ఆగి ఆగి కుట్టేది మనది, పాత మిషను, దాన్ని దాటాక కుడిచేత్తో గోడ తాకుతూ రండి, నున్నటి గోడ గరుగ్గా అయిన చోట లోపలికి తిరగండి అంది. ఇదెక్కడి దారి చెప్పడం, నేనేమైనా గుడ్డివాడినా. అందరూ ఏం చెబుతారు, పచ్చమేడ పక్కన, ఎర్రటి బోర్డు ఎదురుగా, తెల్లకారు ఉంటుంది చూడండి అంటారు, ఆ తెల్లకారు మనం వెళ్ళేసరికి పోయి ఉంటుంది, అది వేరే సంగతి. ఈవిడ మాటల్లో మాత్రం రంగన్నది రాదు. చెవులకి ఒక గుర్తు, చేతికి ఒక గుర్తు. గోడ తాకుతూ నడుస్తుంటే ఇద్దరు స్కూలు పిల్లలు నన్ను చూసి ఆగి, వాళ్ళూ గోడ తాకుతూ నా వెనక నాలుగడుగులు వేసి కిసుక్కున నవ్వి పోయారు. గోడ నున్నగానే ఉంది. గరుకు ఎక్కడ మొదలవుతుంది, నా అరచెయ్యే గరుకు, స్టీరింగు పట్టీ పట్టీ కాయలు కాసిన చెయ్యి, దీనికేం తెలుస్తుంది.

రంగు నాకు ఎందుకు కావాలో ఆవిడకి చెప్పాలా. చెబితే మొదటినుంచి చెప్పాలి. మొదలంటే ఏది, మూడేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం, రెండూ ఇరవై, భోజనం డబ్బా అప్పుడే మూసి కాలు బండిలో పెట్టాను, గుండె నొప్పి, మగమనిషి, నలభై ఆరేళ్ళు, అన్నారు. పక్క సీట్లో నర్సు, నన్ను అన్నా అనేది, చెవికి ఫోను ఆనించుకుని ఇంటివాళ్ళతో మాట్లాడుతోంది, సైరన్లో నాకేమీ వినపడదు, ఆ అమ్మాయి చెప్పిందే నాకు అందింది. నీలం గేటట అన్నా. సరే నీలం గేటు. వీధిలోకి తిరిగాను, నీలం లేదు. చివరిదాకా పోయాను, గోడ అడ్డం, వెనక్కి తీసి మళ్ళీ వచ్చాను. నీలం లేదు. ఒక గేటు బార్లా తీసి ఉంది, ఆకుపచ్చది, దాని పక్కన పోస్టు డబ్బా ఎవరో తలకిందులుగా బిగించారు, ఉత్తరాలు వేసే నోరు కిందికుంది, వేసిన ఉత్తరం వేసినట్టే కింద పడుతుంది కదా అని ఆ కంగారులో కూడా ఒక పనికిమాలిన ఆలోచన వచ్చింది నాకు. నర్సు అంది, అన్నా, గేటు తీసుంది, ఇదేనేమో, ఆగుదాం. నీలం అన్నారు కదమ్మా అన్నాను. ఆపలేదు. పక్క వీధిలోకి పోయాను, అక్కడ నీలం గేట్లు రెండున్నాయి, రెండు ఇళ్ళలోనూ నిద్రమొహాలతో వచ్చి మేం కాదన్నారు. అంతలో ఫోన్లో చెప్పేశారు, రావద్దు, పక్కింటివాళ్ళ కార్లో తీసుకెళ్ళిపోయాం అని. ఏడు నిమిషాలు. చంకలో బిడ్డని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటారు, ఆ సామెత ఎవరైనా అంటే ఇప్పటికీ లేచి వెళ్ళిపోతాను.

ఆ సాయంత్రం ఆస్పత్రి మెట్ల మీద డాక్టరు గారు మామూలుగా, మనిషితో మనిషి మాట్లాడినట్టే, ఓ అయిదారు నిమిషాల ముందు వచ్చుంటే చూసేవాళ్ళం అన్నారు. ఎవరి గురించి అని నేను అడగలేదు. కంట్రోల్ రూంలో చిరునామా ఉంటుంది, కనుక్కోవడానికి అరనిమిషం పని, మూడేళ్ళయింది, కనుక్కోలేదు. ఆ పచ్చగేటే ఆ ఇల్లా, కాదా, తెలియనంతసేపు కాదనే అనుకోవచ్చు. కాదు అనుకుంటూ పడుకునేవాణ్ణి, అవును అనుకుంటూ లేచేవాణ్ణి. ఆ వీధిలోకి మళ్ళీ వెళ్ళలేదు, కాల్ వస్తే ఇంకో బండికి వేయించేవాణ్ణి, దిక్సూచికి ఏమైందిరా అనేవాళ్ళు డిపోలో. మా ఆవిడ ఒక్కతే అంది, కావాలని చేశావా, నీలం అంటే నీలమే వెతుకుతారు ఎవరైనా అని. నిజమే. ఆ తలకిందుల డబ్బా దగ్గర కాలు బ్రేకు మీదికి పోయిందని మాత్రం నేను ఆవిడకి చెప్పలేదు. పోయింది, మళ్ళీ తీశాను. ఊళ్ళో గేట్లన్నిటి రంగులూ ఒకచోట రాసి పెడితే ఇంకెవడి కాలూ అలా వెనక్కి రాదనుకున్నాను. పటమంతా పుట్టింది ఆ గడిలోంచే, దాన్నే తీసెయ్యమంటోంది ఈవిడ.

గరుకు తగిలింది. అరచెయ్యి కాదు, గోడే, ఇసుకతో గచ్చు చేసిన గోడ. లోపలికి తిరిగాను. మనుషులు పక్కకి తప్పుకుంటే గానీ నడవలేని సందు, రెండు మేడల మధ్య మిగిలిపోయిన సందు, పైనుంచి ఎవరో దుప్పటి దులుపుతున్నారు. బండి రాదు ఇటునుంచి, ఫారంలో రాయాలి, నడిచేవాళ్ళకి మాత్రమే అని, అసలు బండి దారి అటువైపు ఉండాలి. మళ్ళీ ఫోను. సందులోకి వచ్చారా? వచ్చానమ్మా. చివర్న ఎడమ చేతికి మాదే. గేటు ఏ రంగమ్మా అన్నాను. నోరు ఊరుకోదు కదా, అలవాటు. సిగ్నల్ పోయిందేమోనని హలో అన్నాను. ఉన్నానండి, గేటుకి రంగు లేదండి అంది. రంగు లేని గేటేమిటి, తెల్లదా, తెలుపూ రంగే కదా, ఇనుపగేటుకి రంగు వేయకపోతే వానల్లో ఏమవుతుంది. వాదించడానికి నాకు ఇంకో ఆధారం దొరికిందని కూడా అనుకున్నాను, రంగు వేయించుకోనివాళ్ళకి రంగు గడి మీద కోపం ఉండడం సహజమే అని. నవ్వొచ్చింది. నవ్వుతూనే సందు చివరికి వచ్చాను, ఎదురుగా వెడల్పాటి వీధి, ఆ వీధి చివర అడ్డంగా గోడ.

ఆ గోడ నాకు తెలుసు. కాదు, గోడలన్నీ ఒకలాగే ఉంటాయి, ఈ మూల మీద ఇంత పెద్ద అపార్ట్‌మెంటు లేదు అప్పుడు, ఇది ఆ వీధి కాదు. ఆ వీధికి నేను అటుచివర నుంచి వచ్చాను, ఇప్పుడు పక్కనుంచి, కాలినడకన, ఇటునుంచి చూస్తే ఏదైనా వేరేలా ఉంటుంది. కాదనే అనుకుంటూ ఎడమకి చూశాను. పోస్టు డబ్బా. నోరు కిందికుంది. మూడేళ్ళలో దాన్ని ఎవరూ సరిచేయలేదు, ఎందుకు చేయలేదు, ఒక్క మేకు తీసి తిప్పితే పోయేదానికి. అయితే ఇదే. లేక ఇళ్ళు చేతులు మారాయా, ఈవిడ అద్దెకి వచ్చిందేమో, ఆ మనిషి ఎవరో, ఈవిడ ఎవరో. వెనక్కి పోవచ్చు. దారి తెలియలేదమ్మా, ఇంకోరోజు వస్తాను అని ఫోన్లో చెప్పొచ్చు, నమ్ముతుంది, ఇందాకట్నుంచి తిరుగుతూనే ఉన్నాను కదా. పోతే పటం పోతుంది, ఇంకెవరూ జవాబు రాయరు, పెట్టెలో కాగితాలు పెట్టెలోనే ఉంటాయి, త్వరలో త్వరలోనే ఉంటుంది. గేటు వైపు చూడకూడదనుకుంటూ చూశాను. గరుకు కాగితంతో గీకేశారు, నిలువు కమ్మీలన్నీ ఉత్త ఇనుము, మీద నూనె పూసినట్టుంది, తుప్పు పట్టకుండా. మూలమూలల్లో, బందుల దగ్గర, చెయ్యి పట్టని చోట ఆకుపచ్చ మిగిలింది, ఆకుపచ్చ ఊడిన చోట దాని కింద నీలం. వేలు పెట్టి తాకాను. నీలం అన్నది అబద్ధం కాదు, అడుగున ఉంది, దాన్ని చూడాలంటే మాత్రం గేటు గీకాలి.

వచ్చేశారా, దొరకదేమో అనుకున్నానండి, రండి, అంటూ ఆవిడే బయటికి వచ్చింది, నలభై దాటిన మనిషి, జుట్టు పెన్సిలుతో ముడిపెట్టుకుంది. ఏం మాట్లాడానో గుర్తులేదు, మెట్లు మాత్రం లెక్కపెట్టాను, మూడు. గుమ్మం స్ట్రెచర్‌కి సరిపోతుంది. ముందుగదిలో బల్ల, రెండు తెరలు, ఒకదాన్నిండా అక్షరాలు, ఇంకోదాంట్లో మన ఊరు, రైలు కట్టకి అవతల ఇళ్ళతో సహా. కిటికీలో రంగు డబ్బా ఒకటి, అంచున ఆకుపచ్చ ఎండిపోయి ఉంది, అందులో పెన్నులు, కత్తెర. మంచినీళ్ళు ఇచ్చింది. మూడు రోజులు కూర్చుని గుర్తులు నిలబడేలా చేశానండి, ముందు చేసినాయన పని మరీ అధ్వాన్నమేం కాదు, చివరి ముడి వేయలేదంతే అంది. తర్వాత కుర్చీ నా వైపు తిప్పి, ఆ గడి సంగతి, మీకు కోపం వచ్చినట్టుంది, చెప్పాలి కదా, అంది.

“మా అన్నయ్యా నేనూ ఉండేవాళ్ళం ఇక్కడ. గేటు మా చిన్నప్పట్నుంచీ నీలమే. నాలుగు రోజులు కష్టపడి తనే ఆకుపచ్చ వేశాడు, నాకు నచ్చలేదు, నేను నీలం గేటనే అంటాను పో అన్నాను. ఆ రోజు తనకి నొప్పొచ్చినప్పుడు అంబులెన్సు వాళ్ళకి కూడా నీలమనే చెప్పానండి. గేటు తీసొచ్చి, తన పక్కన కూర్చుని, ఫోన్లో నీలం నీలం అంటూనే ఉన్నాను. సైరను రెండుసార్లు గుమ్మం ముందునుంచి పోవడం వినపడింది, ఎందుకు ఆగడం లేదో అర్థం కాలేదు.” డబ్బాలోంచి ఒక పెన్ను తీసి మళ్ళీ అందులోనే పెట్టింది. “పాపం, ఆ డ్రైవరు ఎవరో. తనదే తప్పనుకుంటూ ఉంటాడేమో. ఎప్పుడైనా కనిపిస్తే చెప్పాలండి, నీ తప్పేం లేదు బాబూ, నేనే తప్పు చెప్పాను అని. మీకు ఆ డిపోలో ఎవరైనా తెలుసా?”

తెలుసు. మూడేళ్ళుగా నేను వెతికిన మాట ఇదే, ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు అంటారని ఎదురుచూసిన మాట, ఇప్పుడు గ్లాసుడు మంచినీళ్ళతో పాటు చేతికిచ్చేసింది. తీసుకోవచ్చు. కనుక్కుంటానమ్మా, చెబుతాను అని లేచి వెళ్ళిపోవచ్చు, ఆవిడ తప్పు ఆవిడ దగ్గరే ఉంటుంది, నేను హాయిగా పడుకుంటాను. గుండె తేలికైంది కూడా, నిజం చెప్పాలి, ఒక్క నిమిషం హాయిగా ఉంది. గ్లాసు బల్ల మీద పెట్టేశాను. గేటు తీసొచ్చి అంది కదా. రంగు తప్పు చెప్పిన మనిషే గేటు మాత్రం సరిగ్గా తీసి ఉంచింది, బార్లా, రెండు తలుపులూ. ఎవరి తప్పు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో, ఆ నీలం ఎక్కడ అయిపోతుందో, పచ్చ ఎక్కడ మొదలవుతుందో, నాకు తెలియడం లేదు. అట్టపెట్టె ఒళ్ళో ఉంది, దాని మూత మీద నా వేళ్ళు ఊరికే తడుతున్నాయి.

ఆవిడ తెర వైపు తిరిగింది. సరే, మొదటి గుర్తు మా ఇంటిదే పెడదామని ఆపానండి, చూడండి, అని ఈ వీధి పెద్దది చేసి, ఈ ఇంటి మీద గుర్తు పెట్టి, గళ్ళు నింపుకుంటూ పోయింది, మెట్లు మూడు అని నేనే చెప్పాను, బండి దారి తూర్పు నుంచి అని కూడా నేనే చెప్పాను, మీకెలా తెలుసన్నట్టు చూసి రాసుకుంది. ఎర్ర చుక్క దగ్గర ఆగింది. “మీరు సరేనంటే ఈ గడి తీసేస్తాను. అందాకా ఇది నింపకపోతే సేవ్ కాదు. ఏదో ఒకటి రాయాలి, ఏం రాయమంటారు?”

“తీసి ఉంది అని రాయమ్మా,” అన్నాను. “ఆ రోజు గేటు తీసే ఉంది. నేను రెండుసార్లు చూశాను.”

ఆవిడ వేళ్ళు అక్షరాల మీద ఆగిపోయాయి. నా వైపు తిరగలేదు. సందు వైపు నుంచి ఆ పాత మిషను చప్పుడు ఇక్కడిదాకా సన్నగా వినపడుతోంది, ఆగుతోంది, మళ్ళీ మొదలవుతోంది. ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ, తీసి ఉంది అని రాసింది.